బాణానికి పేరు పెట్టండి!

పిల్లలూ! మీకు ఒక చిన్న ప్రశ్న. గుండె కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళం పేరేమిటి? పుపుస ధమని. అందులో ప్రవహించే రక్తంలో ఆమ్లజని ఎక్కువా, తక్కువా?

"ధమని కదా, ఎక్కువే ఉంటుంది" అని తొందరపడి చెప్పేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కాని సరైన జవాబు "తక్కువ". శరీరమంతా తిరిగి, ఆమ్లజనిని ఖర్చు పెట్టుకుని వచ్చిన రక్తాన్నే కుడి జఠరిక ఊపిరితిత్తులకు పంపుతుంది. ధమనులన్నీ ఆమ్లజని నిండిన రక్తాన్నే మోస్తాయన్న మాటకు పుపుస ధమని మినహాయింపు. పరీక్షలలో ఈ ప్రశ్న తరచుగా రావడానికి కారణం అదే.

కిందటి విద్యా సంవత్సరంలో ఈ ప్రశ్నకు మా తరగతిలో చాలామంది తప్పు రాశారు. తప్పు వాళ్ళది కాదు, నాది. నేను గోడకు అంటించిన బొమ్మలో పుపుస ధమని ఎర్రగా ఉంది! రంగు వేసింది కంప్యూటరు. వేయమని చెప్పింది నేను. చెప్పిన విధానంలోనే లోపం ఉంది. ఆ లోపమేమిటో, దాన్ని ఎలా సరిదిద్దవచ్చునో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అక్షరాలతో బొమ్మ

కంప్యూటరుపై బొమ్మ గీయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, మౌస్‌తో పెట్టెలు గీసి, వాటిని అటూ ఇటూ జరుపుతూ బాణాలు కలపడం. రెండవది, ఏది దేనితో కలుస్తుందో మాటలలో రాసి, గీసే పని యంత్రానికి వదిలివేయడం. ఈ రెండవ మార్గానికి కొన్ని ప్రత్యేకమైన భాషలున్నాయి. బ్రియాన్ కెర్నిగన్ అనే శాస్త్రవేత్త 1980ల ప్రారంభంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'పిక్' అనే భాషను తయారుచేశాడు. అక్కడే 1990ల ప్రారంభంలో 'గ్రాఫ్‌విజ్' పుట్టింది. దాని భాష పేరు 'డాట్'. 2014లో స్వీడన్ దేశస్థుడు క్నూట్ స్వైద్‌క్విస్ట్ 'మెర్మెయిడ్' అనే భాషను మొదలుపెట్టాడు. నేను వాడింది ఈ మెర్మెయిడ్‌నే.

రక్త ప్రసరణను అందులో ఇలా రాశాను. నిజానికి ఈ భాషలో ఆజ్ఞా పదాలు ఇంగ్లీషు అక్షరాలలోనే రాయాలి. మీకు సులభంగా ఉండాలని ఇక్కడ అన్నీ తెలుగు లిపిలో చూపిస్తున్నాను. 'కు' అంటే కుడి, 'ఎ' అంటే ఎడమ.

శరీరం --> కు_కర్ణిక
కు_కర్ణిక --> కు_జఠరిక
కు_జఠరిక --> ఊపిరితిత్తులు
ఊపిరితిత్తులు --> ఎ_కర్ణిక
ఎ_కర్ణిక --> ఎ_జఠరిక
ఎ_జఠరిక --> శరీరం

ఆరు వరుసలు, ఆరు బాణాలు. వీటిని చదివి యంత్రం ఆరు స్థానాలకు ఆరు పెట్టెలు గీస్తుంది, ఆరు బాణాలతో కలుపుతుంది. ఏ పెట్టె ఎక్కడ ఉండాలో లెక్క వేసుకోవడం దాని పని. ఒక పెట్టె మరచిపోతే ఒక వరుస చేరిస్తే చాలు, బొమ్మ అంతా అదే సర్దుకుంటుంది. చూశారా, ఎంత సుఖమో! చిక్కు వచ్చేది రంగుల దగ్గర.

రంగు వేయడం ఎలా?

ఆమ్లజని తక్కువగా ఉన్న రక్తానికి నీలం, ఎక్కువగా ఉన్న రక్తానికి ఎరుపు వేయడం మన పుస్తకాలలో ఆచారం. ఇది కేవలం గుర్తు మాత్రమేనని మరచిపోకండి. మన ఒంట్లో నీలి రక్తం ఎక్కడా లేదు. ఆమ్లజని తగ్గినప్పుడు రక్తం ముదురు ఎరుపుగా ఉంటుంది, అంతే.

మెర్మెయిడ్‌లో బాణానికి రంగు వేయడానికి పాత పద్ధతి ఒకటుంది. యంత్రం బాణాలను రాసిన వరుసలోనే లెక్కపెట్టుకుంటుంది. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, అది సున్న నుంచి లెక్కపెడుతుంది. కాబట్టి మన ఆరు బాణాల సంఖ్యలు 0, 1, 2, 3, 4, 5. మొదటి మూడూ ఆమ్లజని తక్కువవి, చివరి మూడూ ఎక్కువవి. నేను ఇలా రాశాను:

లింక్‌స్టైల్ 0,1,2 స్ట్రోక్:నీలం
లింక్‌స్టైల్ 3,4,5 స్ట్రోక్:ఎరుపు

'లింక్‌స్టైల్' అంటే బాణం అలంకరణ. 'స్ట్రోక్' అంటే గీత. బొమ్మ చక్కగా వచ్చింది. సరిచూశాను. ఒక్క తప్పూ లేదు.

తప్పు ఎలా దూరింది?

మర్నాడు ఒక ఆలోచన వచ్చింది. శరీరం నుంచి కుడి కర్ణికకు రక్తాన్ని తెచ్చే పెద్ద సిరలు రెండు కదా! పై భాగం నుంచి తెచ్చేది ఊర్ధ్వ బృహత్సిర, కింది భాగం నుంచి తెచ్చేది అధో బృహత్సిర. రెండింటినీ చూపిద్దామని మొదటి వరుస తీసేసి రెండు వరుసలు రాశాను. రెండు నిలువు గీతల మధ్య రాసినది బాణం మీద కనిపించే మాట.

శరీరం -->|ఊర్ధ్వ బృహత్సిర| కు_కర్ణిక
శరీరం -->|అధో బృహత్సిర| కు_కర్ణిక

మిగిలిన వరుసలు ముట్టుకోలేదు. రంగుల వరుసలు అసలే ముట్టుకోలేదు. ఇప్పుడు బాణాలు ఏడు. పెన్సిలు తీసుకుని వాటికి సున్న నుంచి సంఖ్యలు వేయండి.

0. ఊర్ధ్వ బృహత్సిర: నీలం. సరి.
1. అధో బృహత్సిర: నీలం. సరి.
2. కుడి కర్ణిక నుంచి కుడి జఠరికకు: నీలం. సరి.
3. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు: ఎరుపు. తప్పు!
4. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు: ఎరుపు. సరి.
5. ఎడమ కర్ణిక నుంచి ఎడమ జఠరికకు: ఎరుపు. సరి.
6. ఎడమ జఠరిక నుంచి శరీరానికి: ఏ రంగూ లేదు!

గమనించారా? పైన ఒక్క బాణం పెరిగేసరికి కిందివన్నీ ఒక్కొక్క మెట్టు జరిగాయి. రంగులు మాత్రం పాత మెట్ల మీదే ఉండిపోయాయి. యంత్రం ఒక్క మాట అనలేదు. అనవలసిన పని కూడా లేదు. మూడవ సంఖ్య గల బాణానికి ఎరుపు వేయమన్నాం, వేసింది. వ్యాకరణం ప్రకారం అంతా సవ్యమే, అర్థమే తారుమారయింది.

ఒక వింత చూడండి. బాణాలను పెంచకుండా తగ్గించి ఉంటే యంత్రం ఊరుకునేది కాదు. ఐదు బాణాలే ఉండగా 5వ సంఖ్య గల దానికి రంగు వేయమంటే, ఆ సంఖ్య గల బాణమే లేదని తప్పు చూపిస్తుంది. పెంచితే మాత్రం మౌనంగా ఉంటుంది. గట్టిగా అరిచే తప్పు మంచిది, వెంటనే దిద్దుకుంటాం. మౌనంగా ఉండే తప్పే ప్రమాదం.

ఆ బొమ్మ రెండు వారాలు గోడ మీద ఉంది. పిల్లలు నోటు పుస్తకాలలోకి దింపుకున్నారు. పుపుస ధమని ఎర్రగా ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు. 'ధమని అంటే ఎరుపే' అనే అపోహ ముందే ఉంది కదా! నా బొమ్మ ఆ అపోహకే సాక్ష్యం చెప్పింది. చివరికి పరీక్ష అయిన తరువాత వెనుక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, బృహద్ధమనికి రంగు వేయడం మరిచిపోయారేమండీ?" అని అడిగింది. అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఆ అమ్మాయి అడిగిన చివరి బాణం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే అసలు తప్పు దొరికింది.

రైలు పెట్టె లెక్క

మీరు ఊరి నుంచి వస్తున్న తాతగారిని దింపుకోవడానికి స్టేషనుకు వెళ్ళారనుకోండి. ఆయన ఫోనులో "ఇంజను నుంచి ఏడో పెట్టెలో ఉన్నాను" అని చెప్పవచ్చు. లేదా "ఎస్-5 పెట్టెలో ఉన్నాను" అని చెప్పవచ్చు. దారిలో ముందు భాగాన ఒక పెట్టె అదనంగా తగిలిస్తే ఏమవుతుంది? ఏడో పెట్టె ముందు నిలబడిన మీకు తాతగారు కనబడరు. ఎస్-5 అన్న పలక మాత్రం ఆ పెట్టెతోనే వస్తుంది, పెట్టె ఎన్నో స్థానంలో ఉన్నా సరే.

మొదటిది స్థానం, రెండవది పేరు. స్థానం చుట్టుపక్కల వాటి మీద ఆధారపడి ఉంటుంది. పేరు ఆ వస్తువుతోనే ఉంటుంది. మెర్మెయిడ్‌లో పెట్టెలకు మొదటి నుంచీ పేర్లున్నాయి. శరీరం, కు_కర్ణిక మొదలైనవి పేర్లే. అందువల్ల పెట్టె రంగు ఎప్పుడూ పక్క పెట్టెకు జారిపోదు. బాణాలకు మాత్రం పేరు లేక, స్థానమే గతి అయింది. మన చిక్కుకు మూలం ఇదే.

పక్కనే రాస్తే సరిపోదా?

"సంఖ్యలెందుకు? బాణం పక్కనే దాని రంగు రాస్తే పోలేదా?" అని మీలో తెలివైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. కొన్ని భాషలు సరిగ్గా అలాగే చేశాయి. డాట్ భాషలో బాణం రాసి, దాని తరువాత చదరపు కుండలీకరణాలలో రంగు రాస్తారు:

కు_జఠరిక -> ఊపిరితిత్తులు [రంగు=నీలం]

2009లో మొదలైన 'ప్లాంట్‌యూఎంఎల్' భాషలో రంగును బాణం కడుపులోనే పెడతారు:

కు_జఠరిక -[#నీలం]-> ఊపిరితిత్తులు

ఇప్పుడు పైన పది వరుసలు చేర్చినా ఈ రంగు జారదు. బాణం ఎక్కడికి జరిగితే రంగూ అక్కడికే జరుగుతుంది. మన చిక్కు సగం తీరింది.

మిగిలిన సగం ఎక్కడుంది? నా బొమ్మను పిల్లలకు పంచడానికి జిరాక్సు తీయించాలనుకున్నాను. నలుపు తెలుపు జిరాక్సులో ఎరుపూ నీలమూ రెండూ బూడిద రంగులోకే మారతాయి. కనుక రంగుకు బదులు ఒకదానికి నిండు గీత, రెండవదానికి తునకల గీత వేయాలి. రంగు ప్రతి బాణం పక్కన విడివిడిగా రాసి ఉంటే ఏడు చోట్ల దిద్దాలి. మన బొమ్మ చిన్నది. డెబ్బై బాణాలున్న బొమ్మ అయితే? ఒకటి రెండు మరచిపోవడం ఖాయం. మళ్ళీ మౌనంగా ఉండే తప్పే!

డాట్ భాషలో ఇందుకు ఒక ఉపాయం ఉంది. 'ఎడ్జ్ [రంగు=నీలం]' అని ఒక వరుస రాస్తే, ఆ తరువాత వచ్చే బాణాలన్నీ నీలంగా వస్తాయి. నీలి సిరా కలం చేతిలోకి తీసుకున్నట్లు. కలం మార్చేవరకూ అదే రంగు. దీనితో రాత తగ్గుతుంది. కాని ఒక వరుసను కింది నుంచి పైకి జరిపితే, అది ఏ కలం కిందికి వచ్చిందో చూసుకోవాలి. అంటే స్థానం బెడద వేరొక రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. ఒక రంగు బాణాలన్నిటినీ మీసాల కుండలీకరణాలలో ఒక గుంపుగా చేర్చి, కలాన్ని ఆ గుంపుకే పరిమితం చేస్తే ఈ బెడద తగ్గుతుంది.

అలంకరణకూ ఒక పేరు

ఇంతకూ ఆ బాణానికి నీలం ఎందుకు వేశాం? నీలం అందంగా ఉంటుందని కాదు. అందులోని రక్తంలో ఆమ్లజని తక్కువ అని చెప్పడానికి. కాబట్టి బాణం పక్కన ఉండవలసింది 'నీలం' అనే మాట కాదు, 'ఆమ్లజని తక్కువ' అనే మాట. అది ఏ రంగులో కనబడాలన్నది వేరే విషయం. దాన్ని వేరుగా, ఒకే ఒక చోట చెబితే చాలు.

మెర్మెయిడ్‌లో ఇందుకు 'క్లాస్‌డెఫ్' అనే ఆజ్ఞ ఉంది. అలంకరణకు ఒక పేరు పెట్టడం దాని పని.

క్లాస్‌డెఫ్ తక్కువ స్ట్రోక్:నీలం
క్లాస్‌డెఫ్ ఎక్కువ స్ట్రోక్:ఎరుపు

ఈ పేరును పెట్టెకు తగిలించడానికి పొట్టి దారి కూడా ఉంది. పెట్టె పేరు పక్కన మూడు జంట చుక్కలు పెట్టి అలంకరణ పేరు రాస్తే చాలు. 'కు_జఠరిక:::తక్కువ' అని. పేరు వస్తువు పక్కనే ఉంది, వివరం ఒకే చోట ఉంది. రెండు లాభాలూ ఒకేసారి దక్కాయి.

ఇదే పాఠాన్ని ఇంటర్నెట్ పుటలు రాసేవారు కూడా నేర్చుకున్నారు. మొదట్లో ప్రతి మాట చుట్టూ దాని రంగు, పరిమాణం రాసేవారు. పుటలు పెరిగేకొద్దీ దిద్దడం తలనొప్పి అయింది. అలంకరణను వేరుచేసే 'సీఎస్ఎస్' అనే పద్ధతిని హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వెలువడింది.

ఇక బాణానికి పేరు

పెట్టెల సంగతి బాగుంది. మరి బాణాల మాట? మెర్మెయిడ్ తరువాతి రూపాలలో బాణానికి కూడా పేరు పెట్టే వసతి వచ్చింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. బాణం గుర్తుకు ముందు ఒక పేరు రాసి '@' గుర్తు పెట్టాలి. నిజానికి మన బొమ్మలో చాలా బాణాలు రక్తనాళాలే కదా! వాటి పేర్లే బాణాలకు పెట్టాను. కర్ణిక నుంచి జఠరికకు దారి కవాటం గుండా కాబట్టి అక్కడ కవాటం పేరు పెట్టాను. కొత్త బొమ్మ ఇది:

శరీరం ఊర్ధ్వ_సిర@--> కు_కర్ణిక
శరీరం అధో_సిర@--> కు_కర్ణిక
కు_కర్ణిక కు_కవాటం@--> కు_జఠరిక
కు_జఠరిక పుపుస_ధమని@--> ఊపిరితిత్తులు
ఊపిరితిత్తులు పుపుస_సిర@--> ఎ_కర్ణిక
ఎ_కర్ణిక ఎ_కవాటం@--> ఎ_జఠరిక
ఎ_జఠరిక బృహద్ధమని@--> శరీరం

క్లాస్‌డెఫ్ తక్కువ స్ట్రోక్:నీలం
క్లాస్‌డెఫ్ ఎక్కువ స్ట్రోక్:ఎరుపు
క్లాస్ ఊర్ధ్వ_సిర,అధో_సిర,కు_కవాటం,పుపుస_ధమని తక్కువ
క్లాస్ పుపుస_సిర,ఎ_కవాటం,బృహద్ధమని ఎక్కువ

చివరి రెండు వరుసలు మరొకసారి చదవండి. 'పుపుస ధమని: ఆమ్లజని తక్కువ.' 'పుపుస సిర: ఆమ్లజని ఎక్కువ.' ఇది యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే కాదు, మీరు పరీక్షలో రాయవలసిన జవాబు కూడా! తప్పు ఉంటే బొమ్మ గీయకముందే, కంప్యూటరు తెలియని జీవశాస్త్రం మాస్టారు సైతం చూడగానే పట్టుకోగలరు. 'లింక్‌స్టైల్ 3' అన్న మాటలో తప్పును ఎవరు పట్టుకోగలరు చెప్పండి?

జిరాక్సు కోసం ఒక్క వరుస మార్చాను. 'స్ట్రోక్:నీలం' ఉన్న చోట 'స్ట్రోక్-డాష్‌అర్రే:5 5' అని రాశాను. ఐదు పాళ్ళు గీత, ఐదు పాళ్ళు ఖాళీ అని దాని అర్థం. నాలుగు బాణాలూ ఒకేసారి తునకల గీతలయ్యాయి.

మూడు పరీక్షలు

ఏ రాత పద్ధతి మంచిదో తేల్చడానికి మూడు పరీక్షలు పెట్టవచ్చు.

మొదటిది: మధ్యలో ఒక వరుస చేర్చితే పాత వాటి అలంకరణ చెక్కుచెదరకుండా ఉంటుందా?

రెండవది: ఒక నిర్ణయం మార్చుకుంటే ఒక్క చోట దిద్దితే సరిపోతుందా?

మూడవది: బొమ్మ చూడకుండా, రాత మాత్రమే చదివినవారికి అర్థం తెలుస్తుందా?

సంఖ్యల పద్ధతి మొదటి పరీక్షలోనే తప్పింది. మూడవదానిలోనూ తప్పింది. రెండవదానిలో మాత్రం గట్టెక్కింది, నీలం అన్న మాట ఒకే వరుసలో ఉంది కాబట్టి. ప్రతి బాణం పక్కన రంగు రాసే పద్ధతి మొదటిదానిలో నెగ్గింది, రెండవదానిలో తప్పింది. మూడవదానిలో సగం మార్కులు, ఎందుకంటే నీలం అని తెలుస్తుంది గాని ఎందుకు నీలమో తెలియదు. బాణానికి ఒక పేరు, అలంకరణకు ఒక పేరు పెట్టే పద్ధతి మూడింటిలోనూ నెగ్గింది. దానికి నాలుగు వరుసలు ఎక్కువ రాయవలసి వచ్చింది. ఆ శ్రమ దండగ కాదు.

అలాగని ప్రతి బొమ్మకూ ఇంత ఏర్పాటు అవసరం లేదు. మూడు పెట్టెల బొమ్మలో ఒక బాణాన్ని ఒకసారి ఎర్రగా చూపాలంటే పక్కనే రంగు రాయడమే సులువు. బొమ్మ పదిమంది చేతులలోకి వెళ్ళేదయితే, మళ్ళీ మళ్ళీ దిద్దేదయితే పేర్లు పెట్టండి.

గోడ మీది బొమ్మ మార్చాను. పిల్లల నోటు పుస్తకాలు తెప్పించి, ఒక్కొక్కరి బొమ్మలోనూ పుపుస ధమని మీద నీలి పెన్సిలు వాళ్ళ చేతనే దిద్దించాను. కంప్యూటరులో తప్పు దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. పుస్తకాలలో దిద్దడానికి రెండు పీరియడ్లు పట్టాయి. తలకెక్కిన తప్పును దిద్దడానికి ఎంతకాలం పడుతుందో తరువాతి పరీక్షలలో గాని తేలదు.

మీరే చేసి చూడండి

ఇందుకు కంప్యూటరు అవసరం లేదు. కాగితం, రంగు పెన్సిళ్ళు, ఒక స్నేహితుడు చాలు. మీరు రాయండి. మీ స్నేహితుడు యంత్రంలా, రాసినది రాసినట్లు మాత్రమే గీయాలి.

1. నీటి చక్రాన్ని (సముద్రం, మేఘం, వాన, నది) బాణాలతో రాయండి. నీరు ఆవిరిగా పోయే బాణాలకు ఒక రంగు, ద్రవంగా పోయే బాణాలకు ఒక రంగు సంఖ్యల పద్ధతిలో ఇవ్వండి. తరువాత మొదటి వరుసగా 'చెరువు --> మేఘం' చేర్చి మళ్ళీ గీయించండి. ఏ బాణాల రంగు తప్పింది?

2. అదే బొమ్మను బాణాలకు, అలంకరణలకు పేర్లు పెట్టి రాయండి. అదే వరుస చేర్చి చూడండి. ఈసారి ఏమైంది?

3. పైన నా బొమ్మలో బాణం ఒక చోట, దాని అలంకరణ పేరు కింద మరొక చోట ఉన్నాయి. పెట్టెకు మూడు జంట చుక్కలు ఉన్నట్లుగా, బాణం పక్కనే అలంకరణ పేరు రాయడానికి మీరయితే ఏ గుర్తు ఏర్పరుస్తారు? మీరు కల్పించిన వ్యాకరణానికి పై మూడు పరీక్షలూ పెట్టి చూడండి.